టక టక ఎక్కడిది? పాత డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్ ఇంజన్ శబ్దాల లెక్క

ఢిల్లీ నంబరుతో ఉన్న పాత సఫారీ, స్కార్పియో, పజేరో బెంగళూరు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఎందుకు కనిపిస్తాయో తెలిసిందే. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ పదేళ్ల నిబంధన ఇక్కడ లేదు గనక ఎన్‌ఓసీ తీసుకుని, కర్ణాటక లైఫ్ ట్యాక్స్ కట్టి బండి తెచ్చుకుంటున్నారు. కొత్త నంబరు ప్లేటు ఇంకా బిగించకముందే ఇంజన్లోంచి టక టక మొదలవుతుంది. మారతహళ్లిలో ఒక మెకానిక్ టాపెట్ (వాల్వును తెరిచే భాగం) అంటాడు. జేసీ రోడ్డులో ఇంకొకాయన నాజిల్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేది) అంటాడు. పండక్కి మదనపల్లె వెళ్తే అక్కడి మేస్త్రీ బానెట్ ఎత్తకుండానే "బోరు పని సార్" అనేస్తాడు, అంటే ఇంజన్ మొత్తం విప్పే పని.

ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. టాపెట్, నాజిల్, పగిలిన మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టం) ప్యాకింగ్ మూడూ దాదాపు ఒకేలా మోగుతాయి. "టక టక", "కట కట" అని శబ్దానికి పేరు పెట్టినంతలో జబ్బు తెలియదు. తేల్చేవి మూడు: ఆ శబ్దం క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎన్ని తిరుగుళ్లకు ఒకసారి వస్తోంది, ఇంజన్ మీద బరువు (లోడ్) పడితే ఏమవుతోంది, ఆయిల్ వేడెక్కితే ఏమవుతోంది. ఇంజన్ విప్పకుండానే ఈ మూడింటికీ జవాబు దొరుకుతుంది.

ఈ మధ్య ప్రతి శబ్దానికీ "ఈ20 వల్లే" అనడం అలవాటైంది. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, డీజిల్‌కు దాంతో సంబంధం లేదు. "బీఎస్-6 డీజిల్‌లో గంధకం తీసేశారు, పాత పంపులు అరిగిపోతాయి" అన్న వాదనలో మాత్రం కొంత అర్థముంది. గంధకం తగ్గించే శుద్ధిలో డీజిల్ సహజమైన జిడ్డు కూడా పోతుంది. అందుకే ఆ ప్రమాణంలోనే అరుగుదల పరీక్షకు పరిమితి పెట్టారు: పరీక్షలో లోహం మీద పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. ఆ మేరకు రిఫైనరీలోనే జిడ్డునిచ్చే మందు కలుపుతారు.

## ఏది సహజం, ఏది జబ్బు

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని నొక్కి వేడి చేస్తుంది, ఆ వేడిలోకి నాజిల్ డీజిల్ చిమ్ముతుంది. చిమ్మిన క్షణానికీ అంటుకున్న క్షణానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యంలో పోగుపడ్డ డీజిల్ అంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ సహజంగా చేసే 'కట కట' అదే. ఆలస్యం ఎంత ఎక్కువైతే దెబ్బ అంత గట్టిగా పడుతుంది.

దీన్నిబట్టి పొద్దున్నే బండి ఎందుకు గోల చేస్తుందో అర్థమవుతుంది. చల్లని ఇంజన్లో గాలి తగినంత వేడెక్కదు, ఆలస్యం పెరుగుతుంది. సముద్ర మట్టానికి 900 మీటర్లు పైనున్న బెంగళూరులో గాలి పలచన, జనవరి ఉదయాలు చల్లన. చెన్నైలో నోరు మెదపని బండి ఇక్కడికొచ్చాక తెల్లవారుజామున కాస్త ఎక్కువ మోగితే కంగారు అక్కర్లేదు. ఐదారు నిమిషాల్లో తగ్గిపోతే అది వాతావరణమే.

పాత ఇంజన్లు మూడు తరాలు. ముందు చిన్న గదిలో మండించి తర్వాత సిలిండర్లోకి వదిలేవి (2.8 లీటర్ల పాత పజేరో ఈ రకం) కొంచెం మెత్తగా మోగుతాయి. మెకానికల్ పంపుతో నేరుగా సిలిండర్లోకి చిమ్మే డీఐ ఇంజన్లు, పాత బొలెరోల్లాంటివి, అన్నిటికంటే మొరటు. కామన్ రైల్ ఇంజన్లు (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టంలోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేవి) అసలు మోతాదుకు ముందు చిటికెడు డీజిల్ చిమ్మి మంట రాజేసుకుంటాయి, అందుకే నెమ్మది. కాబట్టి బొలెరో డీఐని పక్కింటి కామన్ రైల్ స్కార్పియోతో పోల్చి భయపడటం అనవసరం. ఒకే బండి నిన్నటికీ ఇవాళ్టికీ మారిందా అన్నదే లెక్క.

## ఫోన్‌తో నాడి పట్టడం

ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లో క్రాంక్ రెండు తిరుగుళ్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్కసారి తిరుగుతుంది. ఒక వాల్వు తెరుచుకునేది, ఒక నాజిల్ చిమ్మేది, ఒక సిలిండర్ మండేది అన్నీ రెండు తిరుగుళ్లకు ఒక్కసారే. క్రాంక్ పుల్లీ, ఫ్లైవీల్ మాత్రం తిరుగుడుకొకసారి.

ఐడిలింగ్ 800 ఆర్‌పీఎం అనుకుందాం. క్రాంక్ సెకనుకు 13.3 సార్లు తిరుగుతుంది, క్యామ్ 6.7 సార్లు. ఇంత వేగం చెవికి లెక్క అందదు. బానెట్ ఎత్తి ఫోన్‌లో 20 సెకన్లు రికార్డు చేసి, పావు వేగంతో వినిపిస్తే అందుతుంది. పావు వేగంలో 10 సెకన్లపాటు దెబ్బలు లెక్కపెడితే 16 లేదా 17 వస్తే అది క్యామ్ లయ: ఒక్క టాపెట్, ఒక్క నాజిల్, ఒక్క సిలిండర్ దగ్గరి గ్యాస్ లీక్. 33 దగ్గర వస్తే క్రాంక్ లయ: పుల్లీ, ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు వైపు చూడాలి. 66 చిల్లర వస్తే నాలుగు సిలిండర్లూ సమానంగా మోగుతున్నాయన్నమాట. అప్పుడు అనుమానం ఒక్క నాజిల్ మీద కాదు, పంపు టైమింగ్ మీదో, డీజిల్ లైన్లో చొరబడుతున్న గాలి మీదో పెట్టాలి. ఏ లయకూ అందకుండా గుయ్యిమంటూ వేగంగా వచ్చేది బెల్టు మీద తిరిగే వస్తువుది. ఆల్టర్నేటర్ క్రాంక్ కంటే రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది.

బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్డు క్రాంక్‌కు తగిలే చోటిది) ఇక్కడ కొంచెం మోసం చేస్తుంది. మండే స్ట్రోక్‌లో గట్టిగా, తర్వాతి తిరుగుడులో మెత్తగా కొడుతుంది. "ఠక్-టిక్, ఠక్-టిక్" అని జంటగా వినిపిస్తే 16 అని రాసుకోవాలో 33 అని రాసుకోవాలో తెలియదు. అక్కడ లయ వదిలేసి మిగతా రెండు ప్రశ్నలకు పోవాలి.

## బెల్టు తీస్తే సగం అనుమానాలు పోతాయి

ఇది చవకైన పరీక్ష, అయినా ఎందుకో చివర్లో చేస్తుంటారు. ఫ్యాన్ బెల్టు విప్పి ఇంజన్ ఒక్క నిమిషం నడిపితే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంపు, చాలా ఇంజన్లలో వాటర్ పంపు కూడా ఆగిపోతాయి. శబ్దం పోయిందంటే దొంగ వాటిలో ఉన్నాడు. వాటర్ పంపు ఆగుతుంది గనక నిమిషం దాటకూడదు.

మన డీజిల్ బళ్లలో ఒక తిరకాసుంది. బ్రేకులకు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు చాలావాటిలో ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. బెల్టు లేకుండా బండి కదిలిస్తే బ్రేకు పెడల్ రాయిలా ఉంటుంది. ఆ పంపు లోపల రేకులు జారుతూ తిరుగుతాయి, ఇంజన్ ఆయిలే సన్నని గొట్టంలోంచి వాటికి అందుతుంది. రేకులు అరిగినా, గొట్టంలో మడ్డి పేరుకున్నా గరగరమని మోగుతుంది. "లోపల ఏదో విరిగింది" అని హెడ్డు దింపించుకున్నాక ఆల్టర్నేటర్ వెనక దొరికిన శబ్దమంటే ఇదే. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటారే, అదన్నమాట. కొన్ని కామన్ రైల్ ఇంజన్లలో ఈ పంపు క్యామ్‌షాఫ్ట్ చివర ఉంటుంది. అక్కడ బెల్టు తీసినా శబ్దం పోదు, పైగా క్యామ్ లయలోనే వస్తుంది గనక టాపెట్ అని పొరపడతారు. మెకానిక్ స్టెతస్కోపో పొడవాటి స్క్రూడ్రైవరో పంపు ఒంటి మీద ఒకసారి, వాల్వు కవర్ మీద ఒకసారి పెట్టి వింటే తేడా తేలిపోతుంది.

క్లచ్ పరీక్షకు విప్పేదేమీ లేదు. న్యూట్రల్‌లో పెడల్ తొక్కగానే శబ్దం పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, తొక్కితేనే వస్తే రిలీజ్ బేరింగ్. ఇంజన్ ఆపేటప్పుడు గడగడమని కుదిపితే డ్యుయల్ మాస్ ఫ్లైవీల్‌ను (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల ఫ్లైవీల్) అనుమానించాలి.

## టాపెట్ అని పేరు పడ్డ గ్యాస్ లీకులు

ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ స్టడ్డు ఒకటి తెగినా, ప్యాకింగ్ కాలినా వచ్చే "టిక్ టిక్" అచ్చం టాపెట్‌లాగే ఉంటుంది. లయ కూడా అదే, 16-17. తేడా బరువు దగ్గర బయటపడుతుంది. లీకు శబ్దం బెంగళూరు దగ్గరి నందికొండ ఎక్కుతున్నప్పుడు పెరుగుతుంది, చదునులో తగ్గుతుంది. టాపెట్‌కు ఎక్కినా దిగినా ఒకటే. పైగా లీకు, ఇనుము వేడెక్కి వ్యాకోచించాక చాలాసార్లు మూసుకుపోతుంది. మ్యానిఫోల్డ్ అతుకు దగ్గర నల్లటి మసి చార కనిపిస్తే వేరే సాక్ష్యం అక్కర్లేదు. గజం పొడవు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర అతుకు వెంబడి జరిపితే ఎక్కడ ఊదుతోందో తెలుస్తుంది. ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా చేయాలి.

దీని అన్న, ఇంకా ప్రమాదకరమైనది, నాజిల్ కింద కాపర్ వాషర్ లీకు. "చఫ్ చఫ్" అని ఆవిరి రైలులా వస్తుంది. నాజిల్ చుట్టూ తారు గడ్డకట్టినట్టు నల్లటి మడ్డి పేరుకుంటుంది. ఇది వదిలేస్తే ఏమవుతుందో 3.0 లీటర్ల పాత ఫార్చూనర్‌లో వాడిన 1కేడీ ఇంజన్ చరిత్ర చెబుతుంది. అక్కడ నాజిల్ సీట్లు వాల్వు కవర్ లోపల ఉంటాయి. లీకైన మసి నేరుగా ఆయిల్లో కలిసి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోని జాలీకి అడ్డుపడి, బేరింగులకు ఆయిల్ అందకుండా చేస్తుంది. చిన్న రాగి వాషర్‌తో మొదలైంది బిగ్ ఎండ్ దాకా పోతుంది. వాషర్ మార్చేటప్పుడు సీటు కట్టర్‌తో కింద మసి గీకకపోతే కొత్తదీ లీకవుతుంది, మార్చినా పోలేదన్న ఫిర్యాదులకు మూలం అక్కడే.

ఇక అసలు టాపెట్. చాలా పాత డీజిళ్లలో చల్లని ఇంజన్‌కు సందు 0.20 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య చెబుతారు, ఎగ్జాస్ట్ వైపు సాధారణంగా ఎక్కువ ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్‌దే. సందు ఎక్కువైతే మోగుతుంది, తక్కువైతే నోరు మూసుకుంటుంది. చెవిని నమ్మి శబ్దం పోయేదాకా బిగించే మేస్త్రీ వాల్వు సరిగా మూసుకోకుండా చేసి, దాన్ని కాల్చేస్తాడు. టాపెట్ విషయంలో మోగే ఇంజనే క్షేమం.

## ఒక్కో సిలిండర్‌ను ఆపి చూడటం

క్యామ్ లయలో వచ్చే శబ్దం ఏ సిలిండర్‌దో, అది మంటదో లోహానిదో తేల్చేది ఈ పరీక్షే. మెకానికల్ పంపు ఇంజన్లో ఐడిలింగ్ నడుస్తుండగా ఒక నాజిల్ పైపు నట్టును (చాలా బళ్లలో 17 నంబరు పానా) గుడ్డ అడ్డం పెట్టి అర చుట్టు వదులు చేస్తారు. డీజిల్ అక్కడే కారిపోతుంది, ఆ సిలిండర్ మండదు. మళ్లీ బిగించి తర్వాతిది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

ఒక బొలెరో డీఐ తీసుకుందాం. ఒకటో నాజిల్ వదిలితే ఇంజన్ కుదిపింది, శబ్దం అలాగే ఉంది. రెండోది వదిలితే అదే. మూడోది వదలగానే కుదుపుతోపాటు టక టక ఠక్కున మాయం. నాలుగోది మళ్లీ మామూలే. మూడో సిలిండర్ మండితేనే శబ్దం వస్తోంది కాబట్టి టాపెట్ ఆ క్షణమే నిర్దోషి: మంట ఆగినా వాల్వు కొట్టుకోవడం ఆగదు. గ్యాస్ లీకు లేదని ముందే చూసుకుంటే మిగిలింది రెండు, చిమ్మకుండా కారుతున్న నాజిల్ లేదా అక్కడి రాడ్ (బిగ్ ఎండ్) బేరింగ్. ఇప్పుడు రెండో, మూడో నాజిళ్లు అటూ ఇటూ మారుస్తారు, కొత్త వాషర్లతో. శబ్దం రెండో సిలిండర్‌కు వలసపోతే నాజిల్, మూడులోనే కూర్చుంటే కింది పని. నాజిల్ అయితే బెంచి మీద టెస్టు చేసి టిప్పు మార్చడంతో సరిపోతుంది. పూర్తి ఇంజన్ పనికి అడ్వాన్స్ ఇవ్వబోయేముందు ఈ గంట పని చేయించుకోవడం నయం.

ఒక నాజిల్ వదిలినా కుదుపు రాకపోతే అది వేరే కథ. ఆ సిలిండర్ ముందునుంచే మండటం లేదు.

కామన్ రైల్ ఇంజన్లో మాత్రం ఆ నట్టు మీద చెయ్యి వేయకూడదు. అక్కడ ఐడిలింగ్‌లోనే 250 బార్‌కు పైన, బరువు మీద ఎన్నో రెట్లు ఒత్తిడి ఉంటుంది. సూది మొనలా వచ్చే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి దోమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది గానీ అది వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే ప్రమాదం, వేలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇక్కడ స్కానర్‌తోనే ఒక్కో ఇంజెక్టర్ (కామన్ రైల్ నాజిల్) ఆపాలి. స్కానర్ చూపే ఇంజెక్టర్ దిద్దుబాటు అంకెల్లో ఒకటి మిగతావాటికి దూరంగా పోతే అనుమానం అటు తిరుగుతుంది. మిగిలిన డీజిల్ వెనక్కి పోయే నాలుగు రిటర్న్ గొట్టాలకు నాలుగు ఒకే సైజు సీసాలు కట్టి కొన్ని నిమిషాలు నడిపితే, మిగతావాటికి రెట్టింపు నిండిన సీసా ఏ ఇంజెక్టర్ లోపల అరిగిందో చెప్పేస్తుంది.

చెవి గొప్పదా స్కానర్ గొప్పదా అన్న పాత తగువుకు జవాబు ఇక్కడే ఉంది. స్కానర్‌కు మంట లెక్క తెలుసు, మ్యానిఫోల్డ్ స్టడ్డు తెగిందని తెలియదు. చెవికి స్టడ్డు తెలుసు, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీగ్రాములు ఎక్కువ చిమ్ముతోందో తెలియదు.

## స్టార్టింగ్‌లో మూడు సెకన్ల గరగర

రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే గొలుసు లాగినట్టు రెండు మూడు సెకన్లు మోగి ఆగిపోతే, క్రాంక్‌నూ క్యామ్‌నూ కలిపే టైమింగ్ చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్‌లోంచి ఆయిల్ దిగిపోయిందన్నమాట. ఒత్తిడి రాగానే టెన్షనర్ నిండి చైన్ బిగుసుకుంటుంది. చెన్నై దగ్గర తిరువళ్లూరులో తయారైన పాత పజేరో 2.8లోని 4ఎం40 ఇంజన్ ఈ విషయంలో పేరుమోసింది. ముందు ఆయిల్ ఫిల్టర్ చూడాలి. ఆయిల్ వెనక్కి దిగకుండా ఆపే రబ్బరు వాల్వు లేని నకిలీ ఫిల్టర్ పెట్టినా ఇదే శబ్దం. మంచి ఫిల్టర్ వేశాక కూడా, వేడి మీద కూడా గరగర ఆగకపోతే చైన్ సాగింది. అది తెగినా పళ్లు జారినా పిస్టన్లు వాల్వులకు తగులుతాయి గనక వాయిదా వేసే పని కాదు.

## బిగ్ ఎండ్, అందరూ భయపడేది

బేరింగ్‌కూ క్రాంక్‌కూ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుక మందమంత. అందులో ఆయిల్ పొర ఉన్నంతకాలం లోహం లోహానికి తగలదు. సందు పెరిగితే పొర నిలవదు, సుత్తితో కొట్టినట్టు లోతైన "ఠక్ ఠక్" కింది నుంచి వస్తుంది. నాజిల్ శబ్దం చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తక్కువ. ఇది సరిగ్గా తలకిందులు: ఆయిల్ వేడెక్కి పలచబడేకొద్దీ పెరుగుతుంది. 2,000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, దిగుతున్న ఆ క్షణంలో బాగా తెలుస్తుంది.

ఆయిల్ లైటు వెలగలేదు కాబట్టి బాగానే ఉందనుకోవడం పొరపాటు. ఆ స్విచ్ సాధారణంగా ఒత్తిడి అర బార్ కిందికి పడిపోతే గానీ పలకదు. స్విచ్ విప్పి ఆ చోట మెకానికల్ గేజి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక చూస్తే ఉజ్జాయింపుగా ఐడిలింగ్‌లో 1 బార్, 2,500 దగ్గర 3 బార్ ఉండాలి.

ఇక్కడే "మందం ఆయిల్ పోయండి, సరిపోతుంది" అన్న సలహా వస్తుంది. 15డబ్ల్యూ-40 ఉండాల్సిన చోట 20డబ్ల్యూ-50 పోస్తే శబ్దం తగ్గేమాట నిజం, సందు నిండుతుంది కాబట్టి. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన మెకానికల్ పంపు ఇంజన్‌ను నెమ్మదిగా ఇంకో ఏడాది లాగించాలనుకునేవాళ్లకు అది తెలిసి చేసే రాజీ. కానీ అరిగింది పూడదు. అమ్మేవాళ్లకూ ఈ కిటుకు తెలుసు. బండి చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వేడిగా ఉంటే మీరొచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారు, చలి మీద వినిపించాల్సిన చైన్, నాజిల్ చప్పుళ్లు మీకు వినిపించవు. మందం ఆయిల్ వేడి మీద వినిపించాల్సిన బేరింగ్‌ను దాస్తుంది. రెండూ కలిస్తే బండి పట్టులా నడుస్తుంది.

కోత పెట్టిన ఆయిల్ ఫిల్టర్ మాత్రం దాచదు. డబ్బాను కట్టర్‌తో కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి ఎండలో పరిస్తే మెరిసే పొడి కనబడుతుంది. అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు: రింగులు, చైన్, క్యామ్. అంటుకోకుండా వెండి రంగులో రేకుల్లా ఉంటే బేరింగ్ పై పూత. రాగి రంగు తేలితే పూత దాటి లోపలి పొర కూడా అరుగుతోంది. ఆ దశలో బండి నడపడం ఆపాలి. బేరింగ్ సెట్టు వరకే అయితే ఖర్చు భరించదగ్గది. నడిపేకొద్దీ క్రాంక్ గీతలు పడి, గ్రైండింగ్‌కు పంపి పది సైజో ఇరవై సైజో బేరింగులు వేయాల్సి వస్తుంది. పది సైజంటే పావు మిల్లీమీటరు తరిగినట్టు. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో దీనికి ఇంకో చిక్కు: ముందు యాక్సిల్ సంపుకు అడ్డం ఉన్న బళ్లలో, సంపు దించాలంటే ఇంజన్ మౌంట్లు విప్పి పైకెత్తక తప్పదు. కార్లకు సాయంత్రానికి అయ్యే పని ఇక్కడ రెండు రోజులు పట్టడానికి, కూలి అంత అడగడానికి కారణం అదే.